టిప్పు గీత వెనక జీతం లెక్క

సంక్షిప్తంగా: ఏ దేశంలో ఎంత టిప్పు ఇవ్వాలన్నది అక్కడి జనం ఉదారగుణాన్ని బట్టి తేలే విషయంగా కనిపిస్తుంది. నిజానికి వడ్డించేవారి జీతం ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టి అది తేలుతుంది. జపాన్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్‌లలో ఆ జీతం మెనూ ధరలోనే ఉంటుంది. సింగపూర్, బ్రిటన్‌లలో కొంత భాగం బిల్లులో సర్వీస్ ఛార్జీగా కనిపిస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది కస్టమర్ నింపాల్సిన ఖాళీ గీత. ఆ గీత ఎలా పుట్టింది, చట్టాలు దాన్ని ఎలా నిలబెట్టాయి, కార్డు యంత్రాలు దాన్ని ఎలా మారుస్తున్నాయి అన్నది ఈ విశ్లేషణ.

న్యూయార్క్ రెస్టారెంటులో బిల్లు చేతికొచ్చాక అసలు చూడాల్సింది అచ్చయిన అంకెల కింద వదిలిన ఖాళీ జాగా. భోజనం 80 డాలర్లు, పన్ను 7 డాలర్ల 10 సెంట్లు అని యంత్రమే కొట్టి ఇస్తుంది. దాని కింద ‘టిప్’ అని ఒక గీత, ఆ కింద ‘టోటల్’ అని ఇంకో గీత. రెండూ పెన్నుతో నింపాల్సింది తిన్నవారే. 16 డాలర్లు రాస్తే 20 శాతం, అంతా సవ్యంగా జరిగినట్టు. 12 రాస్తే 15 శాతం, సర్వరు కాస్త నొచ్చుకుంటాడు. సున్నా చుట్టి లేస్తే ఏం పొరపాటు జరిగిందని మేనేజరు వచ్చి అడిగినా ఆశ్చర్యం లేదు.

సింగపూర్‌లో ఓ మోస్తరు రెస్టారెంటులో 80 సింగపూర్ డాలర్ల భోజనం చేస్తే నింపడానికి ఏ గీతా ఉండదు. 10 శాతం సర్వీస్ ఛార్జీ 8 డాలర్లు, ఆ 88 మీద 9 శాతం జీఎస్టీ 7.92, వెరసి 95.92 అని అచ్చయి వస్తుంది. మెనూలో ధర పక్కన కనిపించే రెండు ప్లస్ గుర్తులకు అర్థం ఇదే: పైన సర్వీసు, ఆ పైన పన్ను. సిడ్నీలో మెనూ మీద 80 అని ఉంటే మామూలు రోజున కట్టాల్సిందీ 80. టోక్యోలో మాత్రం టిప్పన్న మాటే రాదు. బల్ల మీద నాణేలు వదిలేస్తే మరిచిపోయారనుకుని వెనకే వచ్చి చేతిలో పెడతారు.

భోజనం ఒకటే, వడ్డనా ఒకటే. వడ్డించిన మనిషికి ఆ నెల ఇల్లు గడవాలన్న అవసరమూ అన్నిచోట్లా ఒకటే. మారేదల్లా ఆ డబ్బు బిల్లులో ఏ వరుసలో కూర్చుంది అన్నది.

తాగడానికి ఇచ్చిన చిల్లర

టిప్పుకు రకరకాల భాషల్లో ఉన్న పేర్లు చూస్తే దాని పుట్టుక తెలుస్తుంది. ఫ్రెంచివారి ‘పూర్‌బ్వార్’ అంటే తాగడానికి అని. జర్మన్ల ‘ట్రింక్‌గెల్డ్’ తాగుడు డబ్బు. స్వీడన్‌లో ‘డ్రిక్స్’, పోలండ్‌లో బీరు కోసమని అర్థమొచ్చే ‘నపీవెక్’, రష్యాలో టీ కోసమిచ్చే ‘చాయెవ్యే’. అన్నిటి వెనకా ఉన్న దృశ్యం ఒకటే: పైమెట్టు మీది మనిషి కిందిమెట్టు మనిషికి, నా పేరు చెప్పుకుని ఓ గుక్క తాగమంటూ చిల్లర విసరడం. పారసీకం నుంచి టర్కీ, ఈజిప్టుల దాకా, ఇటు తెలుగు దాకా పాకిన ‘బక్షీసు’లోనూ ఆ ఎగుడుదిగుడే ఉంది. ఇచ్చేవాడి దయ, పుచ్చుకునేవాడి వినయం.

ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల నాటికి జమీందారీ భవనాలకు చుట్టపుచూపుగా వెళ్లినవారు తిరిగొచ్చేటప్పుడు నౌకర్లందరికీ ‘వేల్స్’ అనే ముడుపు చెల్లించాల్సి వచ్చేది. గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డ నౌకర్ల చేతులు తడపలేక విందులకే వెళ్లడం మానేసినవారున్నారు. 1760లలో దీన్ని ఎత్తేయాలని యజమానులు ప్రయత్నిస్తే నౌకర్లు తిరగబడ్డారు. ఎందుకంటే అప్పటికే జీతాలు ఆ ముడుపులను లెక్కలో వేసుకుని స్థిరపడ్డాయి. ఈ మెలిక గుర్తుంచుకోదగ్గది. ఎక్కడైనా టిప్పు ఒకసారి ఆనవాయితీ అయిందంటే యజమాని జీతాన్ని ఆ మేరకు తగ్గించి చూస్తాడు. ఆ తర్వాత అది బహుమానంగా మిగలదు. తెలుగులో ‘మామూలు’ అన్న మాటకు పట్టిన గతి చూసినా ఇది అర్థమవుతుంది.

‘టిప్’ అన్న ఇంగ్లిషు మాట త్వరిత సేవకు హామీ అనే అర్థమిచ్చే మూడు పదాల పొడి అక్షరాలని ఒక కథ చెలామణిలో ఉంది. అది వట్టిదే. ఇవ్వడం అనే అర్థంలో ఆ మాట పాత యాసలోనే ఉంది.

అమెరికాలో చట్టమే గీత గీసింది

ఈ అలవాటుకు పెట్టని కోట అనుకునే అమెరికా మొదట్లో దీన్ని అసహ్యించుకుంది. దొరల దేశపు జబ్బు, సమానులమని చెప్పుకునే చోట దీనికి తావేమిటి అన్నది వాదన. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నేరంగా ప్రకటించింది. మిసిసిపీ, ఆర్కన్సా, అయోవా, సౌత్ కరొలైనా, టెనెసీ అదే దారి పట్టాయి. కానీ అమలు కాని చట్టాలు ఎంతకాలం నిలుస్తాయి? 1926కల్లా అన్నీ రద్దయ్యాయి.

వ్యాపారుల వైపు నుంచి మాత్రం టిప్పుకు అప్పటికే మంచి ఉపయోగం కనిపించింది. 1867లో మొదలైన పుల్మన్ కంపెనీ రైళ్లలో పడక బోగీలు నడిపేది. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారిని వాటిలో పోర్టర్లుగా పెట్టుకుంది. పక్కలు వేయడం, బూట్లు తుడవడం, రాత్రంతా పిలిస్తే పలకడం వారి పని. కంపెనీ ఇచ్చే జీతం బొటాబొటి, మిగతాది ప్రయాణికుల దయ. పోర్టరు అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు, కంపెనీ యజమాని జార్జ్ పుల్మన్ పేరుతో అందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. కంపెనీతో ఒప్పందం సాధించడానికి 1937 దాకా పట్టింది.

1938లో అమెరికా కనీస వేతన చట్టం వచ్చినా రెస్టారెంట్లు, హోటళ్ల సిబ్బంది చాలావరకు దాని పరిధికి బయటే ఉండిపోయారు. 1966లో వారిని చేర్చినప్పుడు ఒక మినహాయింపు కూడా చేర్చారు. దాని పేరు ‘టిప్ క్రెడిట్’. కస్టమర్లు ఇచ్చే టిప్పును కనీస వేతనంలో కొంత భాగంగా చూపించుకునే హక్కు యజమానికి దక్కింది. 1991లో టిప్పు పుచ్చుకునేవారికి యజమాని ఇవ్వాల్సిన కనీసం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1996లో మామూలు కనీస వేతనాన్ని పెంచుతూ దీన్ని మాత్రం ఆ అంకె దగ్గరే ఆపేశారు. 2009 నుంచి ఫెడరల్ కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. టిప్పు ఉద్యోగుల అంకె నేటికీ 2.13 దగ్గరే ఉంది.

దీని పనితీరు ఒక వారం లెక్కతో తేటపడుతుంది. టెక్సస్‌లో ఒక సర్వరు వారానికి 30 గంటలు పనిచేసిందనుకుంటే యజమాని చెక్కు 63 డాలర్ల 90 సెంట్లు. చట్ట ప్రకారం ఆమెకు అందాల్సిన కనీసం 217 డాలర్ల 50 సెంట్లు. తేడా 153 డాలర్ల 60 సెంట్లు. టిప్పులు ఈ తేడాను పూడ్చకపోతే మిగతాది యజమాని వేసుకోవాలి. పూడిస్తే వేసుకోనక్కర్లేదు. అంటే బల్ల మీద పడే తొలి 153 డాలర్లు ఆమె సంపాదనకు కొత్తగా కలిపేదేమీ లేదు, యజమాని మీది భారాన్ని దించుతాయంతే. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం కథల్లో విన్నదే. ఇక్కడ కస్టమరు సొమ్ముతో యజమాని జీతం ఇస్తాడు.

అన్ని రాష్ట్రాలూ ఇలా లేవు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా ఈ మినహాయింపును ఒప్పుకోవు. అక్కడ సర్వరుకూ పూర్తి కనీస వేతనం రావాలి. చిత్రమేమంటే అక్కడా టిప్పు సున్నాకు పడిపోలేదు. లాస్ ఏంజెలెస్‌లోనూ 18, 20 శాతమే మర్యాదగా చలామణి అవుతోంది. చట్టం గీసిన గీత చెరిగినా అలవాటు గీత చెరగలేదు.

ధరలోనే కలిసిపోయిన చోట్ల

ఐరోపా ఖండం ఇదే చిక్కును ఇంకోలా విప్పింది. ఫ్రాన్స్‌లో మెనూ ధరలోనే సర్వీసు కలిసి ఉంటుంది, బిల్లు మీద ఆ మాట రాసి ఉంటుంది కూడా. పైన వదిలే ఒకటి రెండు యూరోలు నిజంగా బహుమానమే. వదలకపోయినా ఎవరూ చిన్నబుచ్చుకోరు.

జర్మనీలో ఐదు నుంచి పది శాతం ఇవ్వడం పద్ధతి. ఎంత ఇవ్వాలన్నదాని కన్నా ఎప్పుడు చెప్పాలన్నదే కొత్తవారిని తికమక పెడుతుంది. అక్కడ బల్ల మీద డబ్బు వదిలి వెళ్లరు. బిల్లు 27.40 యూరోలైతే 50 నోటు ఇస్తూ ‘ముప్పై’ అని నోటితో చెప్పాలి, సర్వరు 20 తిరిగిస్తాడు. 30 చేతిలో పెడితే ‘ష్టిమ్ట్ జో’ అంటారు, సరిపోయింది ఉంచుకోమని. నోటు అందిస్తూనే ‘డాంకె’ అనేస్తే మాత్రం చిల్లర వద్దన్నట్టే లెక్క. మర్యాదకు థాంక్స్ చెప్పి 20 యూరోలు వదులుకోవాల్సి రావచ్చు. 2025లో అక్కడ కనీస వేతనం గంటకు 12.82 యూరోలు, సర్వరుకూ అదే. ఆ పైన వచ్చే స్వచ్ఛంద టిప్పు మీద 2002 నుంచి ఉద్యోగికి పన్ను లేదు.

ఇటలీలో ‘కోపెర్తో’ అని మనిషికి ఇంత చొప్పున బిల్లులో పడుతుంది. బల్ల మీద గుడ్డ, పళ్లెం, బ్రెడ్డు వేసినందుకు తీసుకునేది. దాన్ని టిప్పనుకుని కొందరు ఊరుకుంటారు, అది మోసమనుకుని కొందరు గొడవ పడతారు. రెండూ కాదు, కూర్చున్నందుకు రుసుము అంతే.

ఆస్ట్రేలియాలో 2025 జూలైలో జాతీయ కనీస వేతనం గంటకు 24.95 ఆస్ట్రేలియన్ డాలర్లయింది. ఆదివారాలు, సెలవు రోజుల్లో సిబ్బందికి ఎక్కువ రేటు కట్టాలి కాబట్టి ఆ రోజుల్లో చాలా కెఫేలు బిల్లు మీద సర్‌ఛార్జీ వేస్తాయి. అంటే సెలవు రోజు కష్టానికి దక్కాల్సింది కూడా కస్టమరు మనసు మీద వదలకుండా ధరగానే రాసేశారు.

జపాన్‌ను మామూలుగా ‘టిప్పు అవమానం’ అన్న ఒక్క వాక్యంతో తేల్చేస్తుంటారు. అది సగం నిజం. రెస్టారెంటులో, టాక్సీలో ఇవ్వబోతే తీసుకోరు. మంచి సేవ ధరలో భాగమే, దానికి వేరే వెల కట్టడమంటే మిగతా రోజుల్లో అది ఉండదన్నట్టు. పెద్ద హోటళ్లు 10 నుంచి 15 శాతం సర్వీస్ ఛార్జీ బిల్లులో వేస్తాయి. ఇజకాయా అనే మద్యశాలలో అడగకుండానే చిన్న గిన్నెలో ఏదో నంజుకునే తినుబండారం వస్తుంది. దాని పేరు ‘ఒతోషి’, ధర బిల్లులో పడుతుంది. ఇక ర్యోకాన్ అనే పాతకాలపు సత్రాల్లో ‘కొకొరోజుకే’ అనే పద్ధతి ఉంది. గదికి తీసుకెళ్లి టీ పోసి ఇచ్చే పనామెకు, బస మొదట్లోనే, చిన్న కవరులో నోటు పెట్టి రెండు చేతులా అందిస్తారు. నోటు ఒట్టిగా ఇవ్వడం మొరటుతనం. ఇవ్వకపోతే తప్పేమీ లేదు.

మొదట్లోనే ఇవ్వడంలో కిటుకు వేరే చెప్పనక్కర్లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు కదా. చివర్లో ఇచ్చే టిప్పుకు ఆ శక్తి లేదు. మళ్లీ ఎన్నడూ రాని ఊళ్లో, తిని లేచేటప్పుడు ఇచ్చే డబ్బు ఏ సేవనూ మెరుగుపరచదు. అయినా ఇస్తారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు టిప్పుల మీదే పరిశోధన చేసిన మైకేల్ లిన్ తేల్చింది కూడా సేవ నాణ్యతకూ టిప్పు మొత్తానికీ ఉన్న లంకె చాలా పలచన అని. బిల్లు ఎంతైతే టిప్పు అంత. బాగా చేస్తే ఎక్కువ వస్తుందన్న సమర్థన అక్కడే నీరుగారిపోతుంది.

సర్వీస్ ఛార్జీ ఎవరి చేతికి?

బిల్లులో అచ్చయ్యే 10 శాతం చూడటానికి నిక్కచ్చిగా ఉంటుంది. అది వడ్డించినవారికి చేరుతుందా అన్నది వేరే ప్రశ్న. సింగపూర్‌లో, హాంకాంగ్‌లో ఆ సొమ్ము రెస్టారెంటు ఆదాయంలో కలవచ్చు, సిబ్బందికి విడిగా పంచి తీరాలన్న నియమం లేదు.

బ్రిటన్‌లో ఈ గొడవ చట్టం దాకా వెళ్లింది. లండన్ రెస్టారెంట్లలో 12.5 శాతం ‘ఐచ్ఛిక’ సర్వీస్ ఛార్జీ బిల్లులోనే వస్తుంది. ఐచ్ఛికమే కానీ తీసేయమని నోరు తెరిచి అడగాలి, అడగడానికి మొహమాటం. 2009 దాకా యజమానులు టిప్పులను కనీస వేతనం కింద జమ చేసుకునేవారు, ఆ ఏడాది అక్టోబరులో అది ఆగింది. 2015లో కార్డు టిప్పుల్లోంచి నిర్వహణ ఖర్చుల పేరిట కోత పడుతోందని బయటపడి దుమారం రేగింది. చివరికి 2023లో చేసిన చట్టం 2024 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్‌లలో అమల్లోకి వచ్చింది. టిప్పు, సర్వీస్ ఛార్జీ మొత్తం సిబ్బందికే చెందాలి, వచ్చిన నెల తర్వాతి నెలాఖరులోగా అందాలి, మూడేళ్ల లెక్కలు దాచాలి.

చిలీ, బ్రెజిల్‌లలో బిల్లు మీద 10 శాతం సూచనగా ఉంటుంది, వద్దనే హక్కు కస్టమరుది. ఎక్కువమంది వద్దనరు. భారతదేశంలో సర్వీస్ ఛార్జీని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది.

యంత్రం ముఖం తిప్పినప్పుడు

కాగితం బిల్లు పోయి టాబ్లెట్ వచ్చాక ఖాళీ గీత కాస్తా మూడు బటన్లయింది. కాఫీ చేతికి రాకముందే కౌంటరులోని మనిషి తెరను కస్టమరు వైపు తిప్పుతాడు. 18, 20, 25 అని మూడు పెద్ద గళ్లు, ‘టిప్పు వద్దు’ అన్నది కింద చిన్న అక్షరాల్లో. వెనక క్యూ, ఎదురుగా చూస్తున్న మనిషి. నిర్ణయానికి దొరికేది రెండు క్షణాలు.

న్యూయార్క్ టాక్సీల్లో కార్డు తెరలు వచ్చాక లక్షలాది ప్రయాణాల లెక్కలు తీసిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. తెర మీది అంకెలు పెంచితే సగటు టిప్పు పెరిగింది. దాంతోపాటే అసలేమీ ఇవ్వనివారి సంఖ్యా పెరిగింది. అడగడం శ్రుతి మించితే చేయి మొత్తంగా వెనక్కి పోతుందన్నమాట. ఐదేళ్ల కిందటి కన్నా ఇప్పుడు ఎక్కువ చోట్ల టిప్పు ఆశిస్తున్నారని 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ సర్వేలో 72 శాతం అమెరికన్లు చెప్పారు.

తెరలో ఇంకో చిన్న లెక్క దాగి ఉంటుంది. శాతం దేని మీద? భోజనం మీదా, పన్ను కలిపిన మొత్తం మీదా? కెనడాలోని క్యూబెక్‌లో అమ్మకపు పన్నులు రెండూ కలిపి 14.975 శాతం. 100 డాలర్ల భోజనానికి 15 శాతం అంటే 15 డాలర్లు. పన్ను కలిపాక అదే శాతం నొక్కితే 17 డాలర్ల 25 సెంట్లు. 2025 మేలో క్యూబెక్ దీన్ని అడ్డుకుంది, తెర చూపే సూచనలు పన్నుకు ముందున్న ధర మీదే లెక్కకట్టాలంది.

ఈ తెరలు టిప్పు ఎరగని దేశాల్లోకీ వెళ్తున్నాయి. దక్షిణ కొరియాలో 2023 జూలైలో కకావో టాక్సీ యాప్ ప్రయాణం ముగిశాక 1,000 నుంచి 2,000 వాన్‌ల దాకా టిప్పు ఇచ్చే వీలు పెట్టి చూసింది. ఐచ్ఛికమేనని చెప్పినా జనం మండిపడ్డారు. ఐచ్ఛికమైనవి ఎలా మొదలై ఎక్కడ తేలతాయో అమెరికాను చూసి వారికి తెలుసు.

కొత్త దేశానికి వెళ్లేవారికి ఆచరణలో పనికొచ్చే క్రమం చిన్నదే. ముందు బిల్లు చదవాలి. సర్వీసు పేరిట ఏదైనా పడి ఉంటే పైన ఇవ్వనక్కర్లేదు. అమెరికాలో కూడా పెద్ద బృందాలకు సర్వీస్ ఛార్జీ ముందే కలిపేస్తుంటారు. అది గమనించక ఇంకో 20 శాతం రాసి రెండుసార్లు కట్టేవారు తక్కువేం కాదు. ఏమీ పడకపోతే ఆ దేశపు అలవాటును బట్టి నడవాలి. కార్డు మీద ఇచ్చే టిప్పు యజమాని ఖాతా గుండా పోతుంది కాబట్టి వీలైన చోట నగదుగా చేతికివ్వడం మేలు. హోటల్ గది ఊడ్చేవారికైతే ఏ రోజుది ఆ రోజు పెట్టడం మంచిది, మనిషి మారిపోవచ్చు.

మానేయబోతే ఏమైంది

టిప్పు ఎత్తేసి జీతాలు పెంచితే సరిపోతుంది కదా అన్నది అందరికీ తోచే పరిష్కారం. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంటు యజమాని డానీ మేయర్ 2015లో సరిగ్గా అదే చేయబోయాడు. వంటవాడికీ సర్వరుకూ మధ్య పెరిగిపోతున్న ఆదాయ వ్యత్యాసం ఆయన చెప్పిన ముఖ్య కారణం. టిప్పు వడ్డించేవారికే పోతుంది, వండినవారికి రాదు. మెనూ ధరలు పెంచి టిప్పు గీత తీసేశాడు. కస్టమరు కంటికి పక్క రెస్టారెంటులో 24 డాలర్లున్న పదార్థం ఇక్కడ 30గా కనిపిస్తుంది, చివర్లో కట్టేది ఇంచుమించు ఒకటే అయినా. రద్దీ వేళల్లో బాగా టిప్పులు సంపాదించే అనుభవజ్ఞులైన సర్వర్లకూ మొత్తం మీద రాబడి తగ్గింది, కొందరు వేరే చోటు చూసుకున్నారు. 2020 జూలైలో, కోవిడ్ నడుమ, ఆయన టిప్పును మళ్లీ తెచ్చాడు. ఒక్కడే ధర పెంచి నెగ్గుకురావడం కష్టం. ఫ్రాన్స్‌లోలా అందరి ధరలూ ఒకేసారి మారితే తప్ప పోలిక కుదరదు.

ఓటర్లూ, పాలకులూ ఒక మాట మీద లేరు. టిప్పు ఉద్యోగుల తక్కువ వేతనాన్ని 2028 నాటికి దశలవారీగా ఎత్తేయాలని షికాగో 2023లో నిర్ణయించింది. మసాచుసెట్స్‌లో అలాంటి ప్రతిపాదనే 2024లో ఓటుకు వచ్చి ఓడిపోయింది. వ్యతిరేకించినవారిలో సర్వర్లూ ఉన్నారు. శుక్రవారం రాత్రి ఖరీదైన చోట పనిచేసేవారికి ఏ కనీస వేతనమూ టిప్పులకు సాటిరాదు. మధ్యాహ్నం చిన్న హోటల్లో కాఫీ పోసేవారి సంగతి వేరు.

ఈలోగా అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇంకో మేకు దిగ్గొట్టింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం 2025 నుంచి 2028 వరకు టిప్పు రాబడిలో ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్క నుంచి తీసేయవచ్చు. అయితే అది కస్టమరు తనంతట ఇచ్చిన టిప్పుకే వర్తిస్తుంది. బిల్లులో తప్పనిసరిగా వేసిన సర్వీస్ ఛార్జీ సిబ్బందికే చేరినా దానికి ఈ మినహాయింపు లేదు. కాబట్టి ఒక రెస్టారెంటు రేపు టిప్పు మానేసి 20 శాతం సర్వీస్ ఛార్జీకి మారాలనుకుంటే ముందు అడ్డుపడేది దాని సర్వర్లే. ఆ గీత ఖాళీగా ఉన్నంతవరకే పన్ను తగ్గుతుంది.